ఒక్క చెవికే చెప్పే మందు

"పొయ్యి అంటియ్యొద్దని చెప్పినా కదా. మళ్ళా ఆ కట్టెలేంటికి మోసుకొస్తాండావు?"

నల్లమ్మ అరుగు మీద నుంచి తల కూడా తిప్పకుండా అంది. హనుమక్క మోపును వసారా గోడవారగా దించింది. దించడం కాదు, పడేసింది. పక్కింటివాళ్ళు తలెత్తి చూసేంత చప్పుడైంది.

"మందు రోజు కదత్తా. వాకిట్లో జనం ఉండారు."

"ఉంటే ఉండనీ. చూసి చూసి వాళ్ళే పోతారు."

శనివారం పొద్దున ఆ ఇంట్లో పొయ్యి వెలగకపోవడం, హనుమక్క కాపురానికి వచ్చాక ఇదే మొదలు. శనివారమంటే మేకపాలలో పెన్నేరు గడ్డలు, అదే అశ్వగంధ, ఉడికే వాసన వీధి మొగదాకా కొట్టాలి. కీళ్ళు పట్టుకుపోయినవాళ్ళు, మోకాళ్ళు వాచినవాళ్ళు, వేళ్ళు ముడుచుకుపోయినవాళ్ళు గ్లాసులు చేతబట్టుకుని వరసగా కూర్చోవాలి. ముదిగుబ్బ చుట్టుపక్కల నల్లమ్మ మందు తెలియనివాళ్ళు లేరు. ఇవాళ జనం ఉన్నారు, గ్లాసులు ఉన్నాయి, మందే లేదు.

తాపీమేస్త్రీ ఐజాక్ గోడ పట్టుకుని లేచి, కుంటుకుంటూ అరుగు దగ్గరికి వచ్చాడు.

"ఏమైనాది నల్లమ్మక్కా? ఒంట్లో బాగలేదా?"

"నా ఒంటికేమి రోగం. మందుకే బాగలేదంట. అనంతపురంలో పరీక్ష చేసి చెప్పినారు, ఈ గడ్డ వాపు తగ్గించదు, తెస్తాదని. ఇంక యాడన్నా చూసుకోపో."

"వాపు తెచ్చేదైతే నేను మళ్ళా పనికెట్ల పోయినా? నిరుడు మంచం దిగనోణ్ణి, మొన్న మిద్దె మీద కూచుని సున్నం కొట్టినా."

"అది మీ యేసయ్య దయ అయ్యుంటాది. నన్ను సతాయించొద్దు."

ఐజాక్ నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. వెళ్ళిపోలేదు. వెనక్కిపోయి గోడకు చేరగిలబడ్డాడు.

జనం చూపులు తిరిగి తిరిగి నడవ పక్క గది తలుపు మీద ఆగుతున్నాయి. ఆ తలుపు వెనక చిన్నకోడలు ప్రశాంతి ఉంది. అనంతపురంలో పరిశోధన చేస్తోంది. అత్త ఇచ్చే మందునే తన పరిశోధనకు పెట్టుకుంది. నిన్న సాయంత్రం బస్సు దిగి, ఎవరి ముఖమూ చూడకుండా గదిలోకి పోయి తలుపేసుకుంది. మొగుడు జయచంద్ర బతిమాలి అడిగితే సంగతి బయటికొచ్చింది. అది విన్న నల్లమ్మ, శుక్రవారం సాయంత్రం పోవలసిన కొండకు పోలేదు. కొండకు పోకపోతే గడ్డ లేదు. గడ్డ లేకపోతే మందు లేదు.

నిజం చెప్పుకుంటే, ఉబ్బిన కళ్ళతో ప్రశాంతి గడప దాటినప్పుడు హనుమక్కకు కడుపు చల్లబడింది. ఆ చల్లదనం తెల్లారేదాకా కూడా నిలవలేదు, అది వేరే సంగతి.

ఆమె కడుపుమంట నిన్నామొన్నటిది కాదు. పెళ్ళై ఈ ఇంటికొచ్చిన నాటి నుంచీ మందు పనంతా ఆమె చేతుల మీదే నడిచింది. కట్టెలు తెచ్చేది ఆమె, పాలు పితికేది ఆమె, గడ్డలు కడిగి తొక్క గీకేది ఆమె, ఉడికిన గడ్డల్ని పెరట్లో నీళ్ళు పోసుకునే జాలారి వెనక పారబోసేది ఆమె. తన పెద్దకూతురు కాలేజీకి పోయేంత కాలం గడిచింది. ఒక్కటి మాత్రం నల్లమ్మ ఆమెకు చెప్పలేదు. ఆ గడ్డ కొండలో ఎక్కడ దొరుకుతుందో చెప్పలేదు.

పెన్నేరు ఎక్కడైనా మొలుస్తుంది. చేలల్లో పండించి అమ్మేవాళ్ళూ ఉన్నారు. నల్లమ్మ ఆ గడ్డ ముట్టదు. కొండలో ఏదో ఒక్క చోట, ఏ వానకూ సరిగా తడవని బండల సందుల్లో పెరిగిన గడ్డే తెస్తుంది. ఆ చోటు ఆమెకు వాళ్ళత్త చెవిలో చెప్పింది. ఆ అత్తకు వాళ్ళత్త. ఒక చెవికే చెప్పాలి, రెండో చెవిన పడితే మందు పారదని ఆ ఇంటి నమ్మకం.

ఆ చెవి తనదేనని హనుమక్క ఎన్నడో రాసి పెట్టేసుకుంది. ఇంట్లో ఉన్నది ఒక్క కోడలే కదా అప్పటికి.

ఆ తరవాత కదిరి నుంచి ప్రశాంతి వచ్చింది.

గద్దింపే తప్ప మాట తెలియని నల్లమ్మ, ఆ పిల్ల సెలవులకు వచ్చిందంటే మీగడ తీసి దాచిపెట్టేది. ఫోనులో కణాల బొమ్మలు చూపిస్తుంటే పక్కన చతికిలబడి, "ఇవి మనిషి ఒంట్లో ఉంటాయా? ఎంత ముద్దుగుండాయి మే" అనేది. హనుమక్క బొమ్మలు చూడలేదు. ఆ ఇద్దరి తలలూ ఒకదానికొకటి ఆనుకుని ఉండడం చూసింది. శివరాత్రి పోయిన వారం, వాకిలినిండా జనం ఉండగా నల్లమ్మ ఆ పిల్ల అరచెయ్యి పట్టుకుని, "చల్లని చెయ్యి ఇది. మందిచ్చే చెయ్యి" అంది. ఆ రోజు హనుమక్కకు ముద్ద దిగలేదు. తన చెయ్యిని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి అట్లా పట్టుకుని చూసింది లేదు ఆ ముసలామె.

గది తలుపు తెరుచుకుంది. జయచంద్ర ముందు, వెనక ప్రశాంతి వచ్చారు.

"మీ గైడు సార్ ఏమన్నాడో అందరి ముందర సరిగ్గా చెప్పు" అన్నాడు జయచంద్ర. సోలారు ప్లాంటులో డ్యూటీకి పోవలసినవాడు, ఎగ్గొట్టి ఇంట్లో ఉన్నాడు. "సగం సగం చెప్పి మా అమ్మ పొయ్యి ఆర్పేసినావు."

"నేను మందులో ఏమీ లేదని అనలేదత్తా" అంది ప్రశాంతి. గొంతు బొంగురుపోయింది.

"వాపు తెస్తాదని అన్లేదా?"

"ఒకసారి వినత్తా. మన ఒంట్లో కాపలా కాసే కణాలుంటాయని చెప్పినా కదా. ముల్లు గుచ్చుకుంటే ఆడికి ఉరికిపోయి కొట్లాడేది అవే. ఆ కొట్లాటకే వాపు, నొప్పి. కొందరికి ముల్లూ లేదు, గిల్లూ లేదు, ఊరికే కొట్లాడతాంటాయి. ఐజాక్ మామ మోకాళ్ళకు అదే జబ్బు. ల్యాబులో ఆ కణాలను గాజు గిన్నెల్లో పెంచుతాము. వాటిని కావాలనే రెచ్చగొట్టి, నీ గడ్డ రసం చుక్కలు వేసి చూస్తాము."

"చల్లబడినాయని నువ్వే కదా మొన్న ఎగిరినావు."

"మొదటి సంచి గడ్డకు చల్లబడినాయి. అంగట్లో కొన్న పెన్నేరు కన్నా నీ కొండ గడ్డకే బాగా చల్లబడినాయి. సార్ కూడా మెచ్చుకున్నాడు. ఇంకోసారి చేసి చూపించమన్నాడు. రెండోసారి అక్క పొడి కొట్టి పంపింది కదా, దాంతో చేసినా." ఆమె ఆగింది. "దానికి చల్లబడకపోయినా బాధ లేదు. రెచ్చగొట్టకముందే రేగినాయి. ఉత్త పొడి రసానికే రేగినాయి. మళ్ళా మళ్ళా చేసినా, అదే."

నల్లమ్మ పమిట కొంగుతో కాళ్ళ మీద లేని దుమ్ము దులుపుకుంది.

"ఒకే గడ్డ చల్లార్చడమూ రేపడమూ రెండూ చెయ్యదు, ఒకటి అబద్ధం అంటాండాడు సార్. మొదటిసారి అంకెలు నువ్వే వేసుకున్నావా అని అడిగినాడు." ప్రశాంతి కింది పెదవి పళ్ళ కింద పెట్టుకుంది. "సోమవారం కమిటీ ముందర జవాబు చెప్పాల. చెప్పలేకపోతే నా సీటు తీసేస్తారు. దొంగ లెక్కలు రాసిందని పేరు పడితే ఇంక యాడా చేర్చుకోరు నన్ను."

దొంగ అనే మాట వినగానే హనుమక్క పని ఉన్నట్టు వంగి, కట్టెలు ఏరి పేర్చసాగింది.

"అక్కా."

"ఊఁ."

"దంచేటప్పుడు ఏమన్నా తేడా వచ్చిందేమో గుర్తు తెచ్చుకో. తడి తగిలిందా? ఇంకేదన్నా కలిసిందా?"

హనుమక్క లేచి నిలబడింది. భయపడినవాళ్ళు గొంతు పెంచుతారు. ఆమె ఇంకో రెండు మెట్లు ఎక్కువే పెంచింది.

"మీ ల్యాబులో పొడి కొట్టే మిషను చెడిపోయిందని నాకు చెప్తివి. చేతులు బొబ్బలెక్కేటట్టు దంచి బస్సులో పెట్టి పంపిస్తి. ఇప్పుడు నా దంపుకు వంక పెడతాండావా?"

"వంక కాదక్కా, అడుగుతాండా."

"చదువుకున్నోళ్ళు తప్పు చేస్తే రోలు మీదికి తోస్తారేమప్పా" అన్నాడు రామాంజి. హనుమక్క మొగుడు, మేకలు తోలుకుని పోవలసినవాడు కర్ర పట్టుకుని వాకిట్లోనే నిలబడిపోయాడు. నోట్లో నాలుక లేని మనిషి పెళ్ళాం పక్షాన మాట్లాడడం అందరికీ వింతగానే ఉంది. "మా ఆడమనిషి ఈ మందుకు ఎంత చాకిరీ చేసిందో నీకేం తెల్సమ్మా."

హనుమక్కకు ఆ మాట వినడం కన్నా తిట్లు తినడం నయమనిపించింది.

ప్రశాంతి ఇంక అడగలేదు. మేకలు దొడ్లో అరుస్తున్నాయి.

బిందె తీసుకుని హనుమక్క పెరట్లోకి పోయింది. డ్రమ్ములో ట్యాంకరు నీళ్ళు అడుగున కొంచెమే ఉన్నాయి. వంగి చెంబుతో ముంచుతుంటే వెనక అడుగుల చప్పుడు వినిపించింది. అత్తదని వేరే చూడనక్కర్లేదు.

"కుప్ప ఏమైనాది మే?"

"ఏం కుప్ప?"

"జాలారి ఎనక పారబోసిన గడ్డల కుప్ప. నువ్వు ఆ పిల్లకు పొడి కొట్టిన పొద్దు చూసినా, నేల నున్నగా ఉండాది. మేకలు తిన్నాయేమో అనుకున్నా. కానీ మేకలు రోట్లో దంచుకుని తినవు కదా."

చెంబు డ్రమ్ములో పడింది. హనుమక్క దాన్ని తీయలేదు.

జరిగింది అదే. నల్లమ్మ కొండ నుంచి తెచ్చిచ్చిన మంచి గడ్డల్ని అటక మీద దాచింది. పాలలో ఉడికి ఉడికి, సారమంతా జనం గ్లాసుల్లోకి పోయాక పారేసిన పిప్పిని ఏరి, బండ మీద ఎండబెట్టి, మెత్తగా దంచి పంపింది. మంచి గడ్డల్ని ఆ తరవాతి శనివారం మందులో కలిపేసింది. ఇంత గొడవ అవుతుందని అనుకోలేదు. ఈసారి గడ్డ పనిచేయలేదని ఆ పిల్ల ముఖం వాలేసుకుని వస్తే చాలనుకుంది. ఆ ముఖం ఒకసారి చూడాలనుకుంది, అంతే.

"తెలిసి ఏంటికి చెప్పలేదత్తా?"

"కొండకు పోకుండా, పొయ్యి ఆర్పి, నువ్వు చెప్తావేమోనని చూసినా. నిన్న సాయంత్రం చూసినా, ఈ పొద్దు చూసినా. ఆ పిల్ల ఎదురుగా నిలబడి అడిగినా చెప్పలా." నల్లమ్మ డ్రమ్ము అంచు పట్టుకుంది. "మంచిదే. మందు చెప్పించుకునేవాళ్ళకు నోరు గట్టిగా ఉండాల. ఆయమ్మికి చెప్తే ఏమైతాది? రాస్తాది. రాస్తే అనంతపురం అంతా కొండెక్కుతాది. లారీలేసుకుని వచ్చి వేర్లతో సహా పెరక్కపోతారు. నీకు చెప్తా."

హనుమక్కకు చెవులు గింగురుమన్నాయి. ఇన్నేళ్ళుగా ఏ మాట కోసం బతికిందో ఆ మాట, ట్యాంకరు నీళ్ళ డ్రమ్ము పక్కన, ఇంత మామూలుగా వచ్చేసింది.

"సోమవారం దాకా నోరు తెరవద్దు. సీటు పోతే పోతాది. ఇంట్లో ఉండి నలుగురి మాదిరి బతుకుతాది. ఆమెకు నేను తక్కువ చెయ్యను."

అప్పుడు అడగకుండా ఉంటే బాగుండేది. అడిగింది.

"అత్తా, నా చెయ్యి మంచిదనే కదా నాకు చెప్తాండావు?"

నల్లమ్మ ఆమె ముఖంలోకి చూసింది. ముఖం చూసి అబద్ధమాడే మనిషి కాదామె.

"చెయ్యి సంగతి అడగద్దు. మంచి చెయ్యి ఆయమ్మిదే. నీది గట్టి నోరు. ఉండేదాంతో సరిపెట్టుకోవాల."

అని లోపలికి పోయింది.

హనుమక్క బిందె అక్కడే వదిలేసి వాకిట్లోకి వచ్చేటప్పటికి, ప్రశాంతి నేల మీద కూర్చుని ఉంది. ఐజాక్ మోకాలి మీద కాచిన గుడ్డ వేసి మెల్లగా అదుముతోంది. కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. చుట్టూ ఆడవాళ్ళు చేరి, మాకు మాకంటూ మోకాళ్ళు ముందుకు పెడుతున్నారు.

"నీ చెయ్యి పడితేనే హాయిగుండాది తల్లీ" అన్నాడు ఐజాక్.

సీటు పోయే పొద్దు కూడా ఈమె చెయ్యినే మెచ్చుకోవాలా వీళ్ళు, అనుకుంది హనుమక్క.

"చాల్లే. మందు లేదని చెప్తే పోక, ఈడ ఒత్తించుకుంటాండారు" అంది.

ప్రశాంతి తలెత్తింది. "అక్కా, ఇందాక అట్ల అడిగినందుకు మనసులో పెట్టుకోవద్దు. సార్‌కి ఫోన్ చేసి చెప్పేసినా. పొడిలో ఏం తప్పు లేదు, తప్పు నా చేతిలోనే జరిగుంటాదని. కమిటీలో కూడా అదే చెప్తా. నీ పేరు ఎవురూ ఎత్తరు."

"ఏమని చెప్పినావు?"

"నా వల్లే పాడయ్యిందని. ఎట్లాగూ సీటు పోయేదే. మధ్యలో నిన్నేంటికి..."

"నువ్వు నన్ను కాపాడతావా?"

ప్రశాంతి అర్థం కాక చూసింది.

"నువ్వెవరు నన్ను కాపాడేదానికి? నిన్న మొన్న వచ్చి, మీగడ తిని, మంచి చెయ్యి అని పేరు తెచ్చుకుని, ఇప్పుడు నన్ను కాపాడి ఆ పుణ్యం కూడా నువ్వే మూట కట్టుకుంటావా?" హనుమక్క ఆపుకుందామనుకునే లోపే మాట దాటిపోయింది. "అది ఉడికిన గడ్డ. జాలారి ఎనక పిప్పి ఏరి దంచి పంపినా. మంచి గడ్డ దాచిపెట్టి, పిప్పి పంపినా. చెప్పుకో పో మీ సార్‌కి."

రామాంజి చేతిలో కర్ర జారింది. వంగి తీసుకోలేదు.

"వదినా, ఏంటికి?" అన్నాడు జయచంద్ర. కోపం కూడా అందని గొంతు అది.

"ఓర్వలేక" అంది హనుమక్క. "ఇంకేంటికి? ఓర్వలేకనే చేసినా."

అరుగు మీద నల్లమ్మ కళ్ళు మూసుకుంది.

ప్రశాంతి ఏడుస్తుందనీ, తిడుతుందనీ హనుమక్క ఎదురుచూసింది. తిట్టి ఉంటే బదులు చెప్పడానికి సవాలక్ష మాటలున్నాయి. ఆ పిల్ల మాత్రం పిచ్చిదానిలా మెరిసే కళ్ళతో లేచి నిలబడింది.

"పాలలో ఉడికినవా? ఎన్ని పొద్దులు కుప్పలో ఉండాయి? పులిసిన వాసన వచ్చిందా?"

"వచ్చింది. పాల పిప్పి రాదా?"

"అందుకే రేగినాయి." ప్రశాంతి మొగుడి చెయ్యి పట్టుకుంది. "పులిసిన పాలలో సూక్ష్మజీవులు పుడతాయి. ఎండబెట్టినా, వడగట్టినా వాటి ఆనవాలు పోదు. కాపలా కణాలకు ఆ ఆనవాలు చాలు, శత్రువొచ్చినాడని రేగిపోతాయి. కణాలు సరిగ్గానే చెప్పినాయి. మొదటిదీ నిజమే, రెండోదీ నిజమే. అత్తా, నీ గడ్డలో ఏం తప్పు లేదు."

అప్పటికప్పుడే ఫోన్ కలిపింది. విజయభాస్కర్ సార్ గొంతు స్పీకర్‌లో అందరికీ వినబడింది. ప్రశాంతి చెప్పిందంతా విన్నాడు. పంపినావిడతో మాట్లాడించమన్నాడు. హనుమక్క ఫోను ముందు నిలబడి, కోర్టులో సాక్షి లాగా అదే మాట మళ్ళీ చెప్పింది. చెప్పినంతసేపూ ప్రశాంతి వైపు చూడలేదు.

"మీరు చెప్పింది నేను నమ్ముతానమ్మా" అన్నాడు ఆయన. "కమిటీ ఒట్టి మాట నమ్మదు. ప్రశాంతీ, సోమవారం పొద్దున్నకల్లా అదే చోటు నుంచి తాజా గడ్డ తీసుకురా. వాళ్ళెదురుగా మళ్ళీ మొదలుపెట్టు. గడ్డ ఉంటే గడువు అడుగుతాను. లేకపోతే నేను చేయగలిగింది లేదు."

ఫోన్ ఆగిపోయింది. ఇంట్లో ఒక్క గడ్డ కూడా లేదు. అందరూ అరుగు వైపు తిరిగారు.

"అమ్మా, కొండకు పోయొద్దాం దా. నేను తోడొస్తా" అన్నాడు జయచంద్ర.

"నేను పోను."

"అమ్మా..."

"ఒకరు దొంగ పొడి కొట్టినారు. ఒకరు నా మందును గిన్నెలో పోసి పరీక్ష పెట్టినారు. నేను తెలిసీ నోరు మూసుకుంటి." నల్లమ్మ మాట నెమ్మదిగా, అరిగినట్టు వచ్చింది. "ముగ్గురమూ చెరిపినాము దీన్ని. ఇంక నా కాళ్ళు కొండెక్కవు. ఇప్పుడే, ఈడనే ఒక చెవిలో చెప్తా. విన్నవాళ్ళు పోయి తెచ్చుకుంటారు. ఇంకొకరికి ఇస్తారో ఇయ్యరో వాళ్ళిష్టం. ఎవరికి చెప్పాల్నో మీ ఇద్దరే తేల్చుకోండి."

వాకిట్లో జనం అరుగు దగ్గరికి జరిగారు.

తేలేదేముంది, అనుకుంది హనుమక్క. అవసరం ఆ పిల్లది. సీటు ఆ పిల్లది. మంచి చెయ్యీ ఆ పిల్లదే. ఇంత చేసి, నిజం కూడా కక్కాక, తనకు అడిగే ముఖం ఎక్కడుంది? ప్రశాంతి ముందుకు నడుస్తుంది, ముసలామె చెవిలో చెబుతుంది, తను కట్టెలు పేర్చుకుంటుంది. ఆ దృశ్యం చూడలేక తల దించుకుంది.

"అక్కకే చెప్పు అత్తా" అంది ప్రశాంతి.

"నీకేమన్నా పిచ్చా?" జయచంద్ర గొంతు కీచుమంది. "ఇంత జరిగినాక కూడా ఆమెను నమ్ముతావా? ఎల్లుండే సోమవారం."

"నమ్మేదీ నమ్మందీ కాదు. నేను ఆ గడ్డ పనితనం చూసి రాసేదాన్ని. ఇన్నేళ్ళు దాని కోసం పొగలో కూచునింది అక్క. అది అక్కదే." ప్రశాంతి మాట స్థిరంగా ఉంది. "అక్క తెచ్చిస్తే తీసుకుంటా. లేదంటే సీటు ఒదులుకుంటా."

హనుమక్క తల ఎత్తలేకపోయింది. అత్త నోటితో రావలసింది తోడికోడలి నోటితో వచ్చింది. తన హక్కని అనుకున్నది ఆ పిల్ల ఉదారంగా చేతిలో పెట్టింది. దొంగతనం చేసి పట్టుబడినప్పుడు కూడా హనుమక్కకు ఇంత చిన్నతనం అనిపించలేదు.

"రా మే. చెవి ఇయ్యి" అంది నల్లమ్మ.

అరుగు దాకా నడిచి, వంగింది. ముసలామె ఊపిరి చెవికి వెచ్చగా తగిలింది. కొండ పేరు, దారి, బండ గుర్తు, ఏ పక్క తవ్వాలో, ఎంత వదిలిపెట్టాలో, అన్నీ చెప్పింది. చెప్పడం అయిపోయాక నల్లమ్మ గోడకు ఆనుకుని, "ఇంక నాకేమీ తెల్దు" అని కళ్ళు మూసుకుంది.

హనుమక్క మూల నుంచి గడ్డపార తీసి భుజాన వేసుకుంది. వాకిట్లో అందరూ పక్కకు జరిగి దారి ఇచ్చారు. జయచంద్ర ఏదో అనబోతే రామాంజి చెయ్యి పట్టి ఆపాడు.

ప్రశాంతి మళ్ళీ ఐజాక్ ముందు కూర్చుని, చల్లారిన గుడ్డ తీసి వేడిది వేస్తోంది. తలెత్తి చూడలేదు. తెస్తావా అక్కా అని అడగలేదు.

అడిగి ఉంటే బాగుండేది. అడిగితే లేదనడానికి హనుమక్క దగ్గర మాట సిద్ధంగా ఉంది. అడగకపోతే, తేకుండా ఉండడానికి ఏ మాటా లేదు.